ఎదురొచ్చిన బిందె

నన్ను కూర్చోబెడతానని నలుగురి ముందు మాటిచ్చిన మిల్లును మా మేనమామ కొనలేదు. స్తోమత ఉండి, బేరం కుదిరి, అమ్మేవాడు రమ్మని కబురు పంపాక కూడా, వెళ్ళాలా వద్దా అన్నది తేల్చుకోలేక పోగొట్టాడు. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. మండనివ్వండి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. తిరువూరు బజారులో ఆయనకు కిరాణా కొట్టుండేది. మా నాన్న పోయాక నన్ను తెచ్చి అందులో పెట్టుకున్నాడు. నా చదువు మూడో తరగతితో సరి. మిగతాదంతా పొట్లాలు కట్టే పాత పేపర్ల మీద నేర్చుకున్నదే. కాగితం రెండువైపులా చదివిగాని కందిపప్పు పొయ్యనని గిరాకీలు విసుక్కునేవాళ్ళు.

మామను ఊరంతా నెమ్మదస్తుడు, ముందుచూపున్నవాడు అనేది. ఊరికేం, అంటుంది. పొద్దున లేస్తే కాకరకాయా బీరకాయా అని ఆయన నన్నడిగేవాడు. బెల్లం ఇప్పుడే దించాలా, ధర తగ్గేదాకా ఆగాలా అని నన్నడిగేవాడు. "ఏరా, ఏమంటావు?" అన్నది ఆయన ఊతపదం. నేనొకటి చెబితే అదే చేసి, అది తన బుర్రలో పుట్టినట్టు పదిమందికీ చెప్పుకునేవాడు. నేను లేని పూట ఎవరైనా బేరానికొస్తే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాడు తప్ప ధర చెప్పేవాడు కాదు.

పెనుగొలనులో ఒక ఆసామి, కొడుకులు వాటాలు పంచుకుంటున్నారని, తన వడ్ల మిల్లును ఇంజనుతో సహా అమ్మకానికి పెట్టాడు. "కొని తిరువూరు తెచ్చేద్దాంరా. నువ్వే నడుపు. సగం నీది," అన్నాడు మామ. ఇంక నాకు కొట్లో కాలు నిలిస్తేనా! సెలవు దొరికినప్పుడల్లా పెనుగొలను వెళ్ళి, ఆ ఇంజను చక్రం తిప్పి స్టార్టు చేయడం నేర్చుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పంచదార తూస్తున్నా నా చెవుల్లో ఇంజను చప్పుడే.

తాంబూలం ఇచ్చి బేరం ఖాయం చేసుకు రావలసిన రోజు బండి కట్టించాను. అత్తయ్య సాగనంపడానికి వాకిట్లోకొచ్చి నిలబడింది. మామ పైపంచె కోసమని లోపలికి వెళ్ళాడు. లోపలినుంచి తుమ్ము వినపడింది. ఆయన బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఒంటి తుమ్మురా. ఎట్లా వెళ్తాం?"

"ఇంట్లో ఎవరూ లేరే! తుమ్మిందెవరండీ?" అంది అత్తయ్య.

"ఎవరైతేనేం? తుమ్ము తుమ్మే," అని ఎడ్లను విప్పించాడు.

మర్నాడు ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. ముత్తైదువ నీళ్ళబిందెతో ఎదురొస్తే మంచి శకునం కదా, అత్తయ్యను నిండు బిందెతో సందు మలుపులో నిలబెట్టి, బండి కదలగానే ఎదురు రమ్మన్నాడు. పాపం ఆవిడ ఎండలో కాచుకుని, చెప్పింది చెప్పినట్టే వచ్చింది. మామ బండి ఆపించాడు.

"ఏమే, నీ అంతట నువ్వొచ్చావా, నేను రమ్మన్నానని వచ్చావా?"

"అయ్యో నా రాత! మీరే కదండీ నిలబడమంది?"

"విన్నావురా? చెబితే వచ్చింది శకునం ఎట్లా అవుతుంది?"

"అయితే ఆ ఇంజన్నే ఎదురు రమ్మనండి, వస్తుందేమో," అని ఆవిడ నీళ్ళన్నీ నడివీధిలో కుమ్మరించి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఇంకేం, ఇప్పుడు ఎదురొచ్చింది ఖాళీ బిందె. అంతకన్నా చెడ్డ శకునం లేదన్నాడు. బండి మళ్ళీ వెనక్కి.

ఆ సాయంత్రమే వినగడప రైతొకాయన పొలంనుంచి మట్టికాళ్ళతో తిన్నగా వెళ్ళి తాంబూలం ఇచ్చేశాడు. ఆయనకు తుమ్ము వినేంత తీరిక లేదు. మిల్లును తెచ్చి తిరువూరులోనే, మా బజారు చివర పెట్టాడు. ఇంజను ఆడితే మా కొట్లో డబ్బాలు అదిరేవి.

అది మొదటిసారి ఆడిన రోజునే నేను కొట్టు దిగి వెళ్ళి, పనిలో పెట్టుకుంటారా అని ఆ రైతును అడిగాను. వర్జ్యం చూడలేదు, ఎవరి సలహా తీసుకోలేదు. చెప్పులు తొడుక్కునేంత సేపు పట్టింది తేల్చుకోవడానికి. సగం వాటాదారును కావలసినవాణ్ణి, అదే ఇంజనుకు జీతగాణ్ణయ్యాను. అప్పటినుంచీ "ఆలోచిస్తున్నాం" అని రోజులు నెట్టేవాళ్ళంటే నాకు అసహ్యం. ఆలోచనన్నది ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగనిది ఆలోచన కాదు, భయానికి కట్టిన పట్టుపంచె. మనవళ్ళు కూడా చొక్కా కొనడానికి ముగ్గుర్ని అడుగుతారు. నా ముందు అడగరు.

కొన్నాళ్ళకు మామ ఇంటి వడ్లు పట్టించుకోవడానికి మిల్లుకొచ్చాడు. కొట్టు కళ తప్పిందని అప్పటికే విన్నాను. బస్తా దింపించి, నా పక్కన నిలబడి, అదే గొంతుతో అడిగాడు:

"ఏరా, బియ్యం ఒక పట్టు పట్టించనా, రెండు పట్లా? ఏమంటావు?"

ఇంజను ఆపేశాను.

"ముందు నాకొక మాట చెప్పు మామయ్యా. ఆ రోజు పెనుగొలను ఎందుకు రాలేదు? శకునం సంగతి మాత్రం నా దగ్గర ఎత్తొద్దు."

ఆయన రొంటినుంచి ముక్కుపొడుం డబ్బీ తీశాడు. మూత తియ్యకుండా దాన్నే అరచేతిలో తిప్పాడు. తర్వాత అన్నాడు:

"ఆ తుమ్ము నాదేరా. పొడుం పీల్చి తుమ్మాను. నువ్వు మిల్లుకు పోతే, పొద్దున్నే లేచి నేనెవర్ని అడగను?"