మూడో క్లచ్ ప్లేటు

ఆ ఏడాది నా బండికి క్లచ్ ప్లేటు మూడోసారి కాలిపోయింది. బండంటే చిన్న ట్రాలీ. జమ్మలమడుగు దగ్గర పాలిష్ బండలు, పులివెందులలో చీనీకాయలు ఎత్తుకొని ప్రొద్దుటూరుకు చేర్చడం నా పని. ఇరవై ఆరేళ్ళుగా స్టీరింగు తప్ప ఇంకోటి పట్టుకోలేదు, నాకు ఇంకో పని రాదు కూడా.

మొదటి రెండుసార్లు ప్లేటు మార్చింది మా వీధి చివర షెడ్డు పెట్టుకున్న సాయిబు. కువైట్‌లో పదేళ్ళు బండ్లు విప్పి బిగించి వచ్చినవాడు, పనిమంతుడు. మూడోసారి బండి తీసుకుపోతే మాత్రం పానా చేతికి తీసుకోలేదు.

"తప్పు ప్లేటుది కాదు మామా. క్లచ్చు మీద కాలు పెట్టుకోని నడుపుతాండావు" అన్నాడు.

అక్కడ నలుగురు డ్రైవర్లున్నారు. "ఆడలేక మద్దెల ఓడన్నాడంట" అని ఒకడు కిసుక్కున నవ్వాడు. క్లచ్ మీద కాలు ఆనించి నడపడం కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే పని. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు నడక నేర్వకముందే నేను ఘాట్లు ఎక్కి దిగినోణ్ణి అబ్బీ. నాకు చెప్తాండావా?" అని, జారే క్లచ్‌తోనే బండిని ఈడ్చుకుంటూ ఇంటికి వచ్చేశాను. రెండుసార్లు పక్కనుండి చూసిన పనే కదా, నా చేతులతో నేనే ప్లేటు మార్చి, తప్పు నాది కాదని వాడికి చూపించాలనుకున్నాను.

మరుసటి పొద్దున అంగడిలో కొత్త ప్లేటు కొనుక్కొచ్చి, ఇంటిముందే బండిని జాకీతో లేపి, కింద పగిలిన బండలు పేర్చాను. మా ఇళ్ళలో బండలకేం కరువు! వెనక చక్రాలకు పోయే షాఫ్టు విప్పాను, స్టార్టరు తీశాను, గేర్‌బాక్సు బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాను. దించేటప్పుడు పట్టుకోవడానికి మనిషి కావాలి. నా భార్యను పిలిచాను. ఆమె కుచ్చిళ్ళు పైకి దోపుకొని బండి కిందికి దూరింది. ఇద్దరం కలిసి గేర్‌బాక్సును గోనెసంచుల మీదికి దించాం.

పాత ప్లేటు నల్లగా మాడిపోయి ఉంది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి "మన అట్ల పెనమే నయం" అంది. ఆ రోజు నేను నవ్వింది ఆ ఒక్కసారే.

కొత్త ప్లేటు సరిగ్గా నడిమధ్య కూర్చోవాలి. లేకుంటే గేర్‌బాక్సు షాఫ్టు అందులో దూరదు. మూడుసార్లు ఎత్తాం. మూడుసార్లూ రెండు వేళ్ళ సందు మిగిలి మొరాయించింది. బోల్టులతో బలవంతంగా లాగితే గేర్‌బాక్సు చెవులు విరుగుతాయి కాబట్టి దించి మళ్ళీ మొదటికి వచ్చాం. నాలుగోసారి ఆమె వెనకవైపు షాఫ్టు కొసను చేత్తో కొంచెం తిప్పితే చటుక్కున కూర్చుంది.

బయటికి వచ్చి చూస్తే బండ మీద రక్తం.

"యాడ తెగింది?" అని ఆమె నా చేతులు వెతికింది. చేతులు బాగానే ఉన్నాయి. ఎడమ అరికాల్లో ఇనుప పిన్ను ఒకటి దిగబడి ఉంది. పీకేసి, పసుపు అద్ది గుడ్డ కట్టింది.

"నొప్పి లేదా నీకు?"

"పనిలో పడితే యాడ తెలుస్తాది? ఊరుకో మే" అన్నాను.

షుగరు ఉందని ఆస్పత్రిలో చెప్పి అప్పటికి నాలుగేళ్ళు. గుర్తొచ్చిన రోజు మాత్ర మింగేవాణ్ణి. ఆ మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

సాయంత్రం ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని జమ్మలమడుగు రోడ్డు పట్టాను. బండిలో నేను చెప్పులు వేసుకోను. అన్నం పెట్టేదానికి చెప్పుకాలు తగలకూడదు. అదీగాక, ఇంజను గుట్టంతా నా అరికాలికి తెలుసని గొప్పలు పోయేవాణ్ణి. షెడ్డు ముందు కావాలనే హారన్ కొట్టాను. సాయిబు ఏ కోపమూ లేకుండా చెయ్యెత్తి ఊపాడు.

ఊరు దాటి ఎక్కుడు వచ్చేసరికి ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదు. అదే మాడు వాసన.

"కల్తీ ప్లేటు అంటగట్టినాడు" అని అంగడివాణ్ణి బూతులు తిట్టాను. ఆమె వంగి నా కాళ్ళ దగ్గర చూస్తోంది.

"కాలు తీయి" అంది.

"తీసే ఉండాది."

"తీయలేదు. దాని మీదనే ఉండాది."

కిందికి చూశాను. పసుపు గుడ్డ కట్టిన నా పాదం పెడల్‌ను సగానికి నొక్కి పెట్టి ఉంది. తీశాననే అనుకున్నాను. ఒట్టేసి చెప్పమన్నా తీశాననే చెప్పేవాణ్ణి.

బండి పక్కకు ఆపి ఇంజను కట్టేశాను. సాయిబు చెప్పింది నిజం. ఈ కాలితో రేపు లోడు ఎత్తుకొని ఎవరి మీదికి పోతానో! ఇక నేను డ్రైవర్ని కాదు. ఏడుపు ఆగలేదు, చెప్పడానికి సిగ్గేముంది.

ఆమె వంగి, రెండు చేతులతో నా పాదాన్ని పెడల్ మీంచి ఎత్తి కింద పెట్టింది. చేతులు తీయకుండా అట్లాగే నిమురుతూ ఉండిపోయింది. కళ్ళతో చూస్తున్నాను కాబట్టి నిమురుతోందని తెలిసింది.