హమ్ము దండెం

నంద్యాలలో ఒక రేడియో రిపేరు అంగడి ఉండేది. దాని లోపలి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తీగలు కట్టి, వాటి మీద ఉత్తరాలు ఆరేసేవాళ్లు. ఆరేయడమనే మాట నాది కాదు, అంగడి భాయ్‌ది. "ఉత్తరాలు ఆరేసినాను, వచ్చి చూసుకోమను" అని ఆళ్లగడ్డ బస్సు కండక్టరుతో నాకు చెప్పి పంపేవాడు. డెబ్బయ్యిల చివర్లో, ఎనబయ్యిల మొదట్లో నేను నేర్చుకున్న విద్యంతా ఆ దండేల కిందే, మెడ నొప్పి పుట్టేలా తలెత్తుకుని నేర్చుకున్నాను.

సంగతేమంటే, రేడియోలూ యాంప్లిఫయర్లూ సొంతంగా బిగించుకునే పిచ్చివాళ్లు ఊరూరా కొందరు ఉండేవాళ్లు. ఒకరికి అనుమానం వస్తే అందరికీ ఉత్తరం రాసేవాడు. జవాబు తెలిసినవాడు మళ్లీ అందరికీ రాసేవాడు. తెలియనివాళ్లు కూడా రాసేవాళ్లు, నిజానికి వాళ్లే ఎక్కువ. నేను చేరిన కొత్తలో ఆళ్లగడ్డలో మా ఇంటికి కార్డుల మీద కార్డులు వచ్చిపడేవి. "ఎవురికో వాల్వు కాలిపోతే మనింటికి ఎందుకురా చెప్తాండారు?" అని అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

అందుకే భాయ్ చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. ఉత్తరాలన్నీ ఆయన అంగడికే వస్తాయి. ఆయన విషయాన్ని బట్టి తీగలకు తగిలిస్తాడు. వాల్వులకొక దండెం, ఏరియల్‌కొక దండెం, యాంప్లిఫయర్లు గుయ్యిమనే రోగానికొక దండెం. ఆ గుయ్యిని మేము హమ్ము అనేవాళ్లం. కావలసినవాడు వచ్చి కావలసింది చదువుకుని, నోరు ఊరుకోకపోతే ఒక చీటీ రాసి వెనకాల గుచ్చి పోవచ్చు. దాని నకళ్లు మిగతా ఊళ్లకు పంపే బాధ్యత భాయ్‌ది.

భాయ్ ఉత్తరం పూర్తిగా చదివే మనిషి కాదు. మొదటి మాట చూసి తగిలించేవాడు. "హమ్ము సంగతి అట్లుంచండి, నా ఏరియల్ మీద కాకులు వాలుతున్నాయి" అని ఎవరో రాస్తే అది హమ్ము దండేనికే ఎక్కింది. ఆ తర్వాత కాకుల మీద జరిగిన చర్చంతా అక్కడే జరిగింది. అడిగితే, "మీరు సరిగ్గా మొదలుపెట్టి రాయండప్పా, నేను సరిగ్గా తగిలిస్తా" అనేవాడు.

ఆయన నియమం మాత్రం ఒక్కటే. ప్రశ్న అడిగినవాడు చివరికి ఒక చీటీ మీద "తీరింది" అనో "తీరలేదు" అనో రాసి గుచ్చాలి. తీరిందని రాస్తే ఆ కట్ట మొత్తం దించి పకోడీలంగడికి ఇచ్చేస్తాడు. తీరలేదంటే కట్ట అట్లనే వేలాడుతూ ఉంటుంది.

వేలాడినన్నాళ్లూ మావాళ్లకు పండగే. దొర్నిపాడు నుంచి ఒకాయన ఉండేవాడు. ముందటి మనిషి రాసిందంతా పొల్లుపోకుండా ఎత్తిరాసి, అడుగున "నాదీ ఇదే అభిప్రాయం" అని సంతకం పెట్టేవాడు. వెలుగోడు ఆయన ప్రతి చీటీనీ "ఇదివరకు ఎవరైనా అడిగి ఉంటే క్షమించాలి" అని మొదలుపెట్టేవాడు. ఇదివరకు అడిగిందీ, దానికి చెప్పిన జవాబూ ఆయన నెత్తి మీదే ఆడుతూ ఉండేవి. వీళ్లందరి మీదా పెద్ద, నంద్యాలలోనే ఉండే ఒక రిటైరైన ఇంజనీరు. మేమంతా థియరీ సారు అనేవాళ్లం. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు నేనెప్పుడూ చూడలేదు, ఎర్రసిరా పెన్ను చూశాను. ఎవరి చీటీలో తప్పు కనిపించినా దిద్దేవాడు, ముందు అక్షరదోషాలు, ఓపిక మిగిలితే కరెంటు దోషాలు.

నేను సరదాకి పోయి వాళ్ల నడుమ తగులుకున్నానని అనుకోవద్దు. నాకు పని ఉండింది. మా నాయనకు చెవులు పోతున్నాయి.

ఆయన మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. చివరి బెంచీలో గుసగుసలాడినా పట్టుకునే చెవులవి. ఇంట్లోనూ హెడ్మాస్టరే. ఆయన మాట్లాడితే మిగతావాళ్లం వినేవాళ్లం, వినడం అయిపోతే లేచిపోయేవాళ్లం. అట్లాంటి మనిషికి రెండేళ్లలో అరిస్తే తప్ప ఏదీ వినపడకుండా పోయింది. చర్చిలో ముందు బెంచీలో కూర్చుని పాస్టరు పెదాలు చూసేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, "ఆ రేడియోల వాళ్లతో తిరుగుతాండావు కదా, నాకేమన్నా చెయ్యగలవా?" అన్నాడు. ప్రసంగం వినడానికా అని గట్టిగా అడిగాను. "పాస్టరు చెప్పేది నాకు తెలిసిందేలే. ఇంట్లో మీరు ఏం మాట్లాడుకుంటాండారో వినాలని ఉండాది" అన్నాడు. మా నాయన నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

యాంప్లిఫయర్ బిగించాను. మైకు వంటింటి గడప పక్కన మేకుకు తగిలించి, మిలిటరీ పాత సామాన్లలో దొరికిన హెడ్‌ఫోను నాయన తలకు పెట్టి స్విచ్చి వేశాను. గుయ్యి. ఆ గుయ్యిలో మనుషుల మాటలన్నీ మునిగిపోయాయి. "తేనెటీగలు బాగా వినపడతాండాయి" అన్నాడు నాయన. హాస్యమాడాడో నిజంగానే అన్నాడో ఇప్పటికీ తెలియదు.

చీటీ రాసి హమ్ము దండేనికి గుచ్చాను. మా నాయన కోసమని కూడా రాశాను. జవాబులు వచ్చాయి. యంత్రానికి ఎర్తు లేకపోవడమే కారణమని ఒకడు రాశాడు. గుంత తవ్వి ఉప్పూ బొగ్గులూ పోయమన్నాడు. మా పెరడంతా నాపరాళ్లు పరిచి ఉన్నాయి, ఒక్క రాయి లేపినా ఒప్పుకోనంది అమ్మ. అప్పుడు థియరీ సారు రంగంలోకి దిగాడు. ఎర్తు అనడం అజ్ఞానమనీ, గ్రౌండు అనాలనీ ఎర్రసిరాతో రాశాడు. అవతలివాడు ఊరుకుంటాడా? ఎర్తు అనేదే అసలు మాటని తిప్పికొట్టాడు. వానాకాలం మొత్తం ఎర్తా గ్రౌండా అన్నదాని మీదే గడిచిపోయింది. దొర్నిపాడు ఆయన ఇద్దరితోనూ తనదీ ఇదే అభిప్రాయమన్నాడు. ముసలాయనకు ఎట్లుందని మాత్రం ఒక్కడూ అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయేది, అయినా వచ్చేవారం బస్సెక్కి పోయేవాణ్ని.

చివరికి థియరీ సారు తీర్పు చెప్పాడు: "యంత్రాన్ని గ్రౌండుకు కలపండి. ఇక చర్చ అనవసరం." ఆ చీటీ తెచ్చి ఇంట్లో చదివాను. ఆ రోజు మా బావ వచ్చి ఉన్నాడు. మా అక్క మొగుడు, గోస్పాడులో సేద్యం. ఎప్పుడో ఒకసారి బావి మోటారును తంతే తిరిగింది, అప్పటి నుంచి తనను తాను మెకానిక్కు అనుకుంటాడు. "గ్రౌండుకేనా కలపమన్నాడు?" అని అడిగాడు. అవునన్నాను. "దానికేనా ఇంత రామాయణం? ఈడే కదప్పా ఉండేది!" అన్నాడు.

నేను బయటికి పోయి వచ్చేసరికి మా ఇంటి కిటికీలోంచి ఒక తీగ బయటికి పోయి, గోడ దాటి, అవతల హైస్కూలు గ్రౌండులోని గోల్‌పోస్టుకు చుట్టుకుని ఉంది. ఆళ్లగడ్డలో గ్రౌండంటే అదొక్కటే మరి. నేను కడుపు పట్టుకుని నవ్వాను. బావ నవ్వలేదు. "స్విచ్చి ఏసి మాట్లాడు" అని చేతులు కడుక్కోడానికి వంటింటి వైపు పోయాడు.

హెడ్‌ఫోను ఒక చిప్ప నాయన చెవికి పెట్టి, రెండోది తిప్పి నా చెవికి ఆనించుకున్నాను. స్విచ్చి వేశాను. గుయ్యి లేదు. గోల్‌పోస్టంటే ఇనుప గొట్టం, లోతుగా పాతింది, వానకు తడిసిన నల్లరేగడి. ఇంతకంటే మంచి ఎర్తు ఎవడు తవ్వగలడు? వంటింట్లో గిన్నె దించిన చప్పుడు కూడా మా ఇద్దరికీ వినపడింది.

"కొంచేపుంటే మామకు అన్నీ వినపడతాయి. జాగర్త అత్తా" అన్నాడు బావ.

"వద్దులే అల్లుడా" అంది అమ్మ. "ఈ ఇంట్లో నేను నోరు తెరిచి మాట్లాడతాండేది ఆయనకు చెవులు పోయినాకే. అంతకుముందు నా గొంతు ఎట్లుంటాదో నాకే తెల్దు. ఇట్లనే బాగుండాది."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు అంది.

నాయన హెడ్‌ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. బావ వచ్చి, "ఏం మామా, వినపడిందా?" అని అరిచాడు.

"యాడప్పా, గుయ్యిమనే ఉండాది" అన్నాడు నాయన. "ఆ తీగ తీసేయ్. ఆడుకునే పిల్లోళ్ల కాళ్లకు తగులుతాది."

రెండో చిప్ప నా చెవికే ఉందని ఆయనకు తెలుసు. నా ముఖం చూసి మరీ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

వారం తిరిగాక నంద్యాల పోయాను. థియరీ సారు దండెం కింద కుర్చీ వేసుకుని ఉన్నాడు. గోల్‌పోస్టు కథ బావ నోటి నుంచి నాకంటే ముందే అక్కడికి చేరింది. "గోల్‌పోస్టుకు కడితే హమ్ము పోతుందా? థియరీ ఏమైపోవాలి?" అని ఆయన నవ్వుతున్నాడు. హమ్ము నిజంగానే పోయిందని, ఆ ఎర్రసిరా పెన్నును ఆయన చేతే విరిపించే మాట నా జేబులో చీటీ మీద తయారుగా ఉంది, బస్సులో కూర్చుని ముచ్చటగా రాసుకున్నది. భాయ్ చెయ్యి చాపాడు. "ఏందప్పా, తీరిందా లేదా? కట్ట దించాలి."

జేబులో చీటీ జేబులోనే ఉంచి, ఇంకొకటి అడిగి "తీరలేదు" అని రాసి గుచ్చాను. సారు అక్కడికక్కడే గోల్‌పోస్టు మీద నిండా మూడు పేజీల ఖండన రాశాడు. దొర్నిపాడు ఆయన అదంతా ఎత్తిరాసి తనదీ ఇదే అభిప్రాయమన్నాడు. భాయ్ అంగడి మూసేదాకా ఆ కట్ట అక్కడే వేలాడింది.

నేను ఇంటికి చేరేసరికి అమ్మ వంటింట్లోంచి గట్టిగా మాట్లాడుతోంది. "రెండు పూటలూ చారే అని మొకం ఎట్ల పెట్టినాడో చూడు" అంటోంది. నాయన వసారాలో కుర్చీని అటువైపు తిప్పుకుని, ఏమీ వినపడక, ఆమె నోటినే చూస్తూ కూర్చున్నాడు.