ముందు సున్నా అడుగు

కొత్త రాగితీగ మీది వార్నిష్ వేడెక్కిన ఘాటు వాసన ఈ ఉదయం ముక్కుకు తగలగానే కల్లూరులో రత్నమ్మక్క షెడ్డు కళ్ల ముందుకు వచ్చింది. అక్క ఇప్పుడు లేదు. బోరు మోటార్లకు తీగ చుట్టే ఆ షెడ్డుకు ఆమె యజమాని. నేను ఆమె దగ్గర కొలతలు, లెక్కలు చూసేవాణ్ణి. ఇంటర్‌తో చదువు ఆగినా సొంతంగా గణితం నేర్చుకున్నానని నన్ను "లెక్కలాయనా" అని పిలిచేది, సగం ముద్దుగా, సగం ఎగతాళిగా.

కాలిన మోటార్లు చాలించి సొంత యంత్రం చేయాలని ఆమె కోరిక. చేసింది కూడా. ఫ్యాన్లలో వాడే అయస్కాంతాలకు ఒక్క దెబ్బతో బలం ఎక్కించే యంత్రం. కెపాసిటర్లలో నింపిన విద్యుత్తు రెప్పపాటులో వందో వంతు కాలంలో తీగ గుండా దూకాలి. పది వేల ఆంపియర్లు దాటాలి. కడప నుంచి కొనడానికి వచ్చిన ఖాదర్ భాయ్ దగ్గర కరెంటును కొలిచే సెన్సర్ ఉంది, లోపల ఇనుప కడ్డీ చుట్టూ తీగ చుట్టినది. అది ఆరు వేల దగ్గర ఆగింది. వోల్టేజి పెంచినా ఆరు వేలే. "చాలదమ్మా. నమాజు చేసుకొని వస్తా. అప్పటికీ ఇంతే అయితే నాకొద్దు" అని వెళ్లాడు. ఆయన కాదంటే మరొకరు కొనరు. అక్క మళ్లీ కాలిన మోటార్ల దగ్గరికే.

"పెంచినా పెరగలేదంటే తప్పు కరెంటుది కాదప్పా. ఆ సెన్సర్‌లో ఇనుము ఇంక అయస్కాంతబలం పట్టలేనంత నిండిపోయి ఉండాది. ఇనుము లేకుండా చుడదాం" అంది అక్క. మేస్త్రీలు నీటిమట్టం చూసే ప్లాస్టిక్ ట్యూబు ముక్క మీద సన్నతీగ చుట్టాను. కొసను బయటినుంచే వెనక్కి తెచ్చి, ట్యూబును యంత్రం తీగ చుట్టూ కడియంలా పెట్టాను. యంత్రం ఠప్పుమంది, విద్యుత్తును గీతగా చూపే స్కోపు తెర మీద గీత ఎగిరింది. నాకు కాలు నిలవలేదు.

"ఆగు. తీసి పక్కన పెట్టు" అంది. ఇప్పుడు కడియం గుండా ఏ తీగా పోవడం లేదు. అయినా యంత్రం మళ్లీ ఠప్పుమనగానే గీత లేచింది.

"ఏమీ లేని చోట ఏదో చూపిస్తాండాది. ఇంక ఉన్న చోట దీని మాట ఎట్ల నమ్ముతావు?"

చుట్లన్నీ విప్పించి, తీగ కొసకు పిన్నీసు కట్టింది. "కొస ట్యూబు లోపలినుంచి రావల్ల. లంగాకు నాడా ఎక్కించేది ఎప్పుడన్నా చూసినావా?"

"నాకేం తెలుసక్కా."

"పెండ్లయి ఇన్నేండ్లాయె. మీ ఇంటామె శానా ఓపికమంతురాలు."

అప్పుడు తట్టింది నాకు. కడియమంతా తిరిగిన చుట్లు కలిసి తామే ఒక పెద్ద చుట్టు అవుతాయి. బయటి సందడినంతా పట్టుకుంటాయి. లోపలినుంచి ఎదురొచ్చే తీగ దాన్ని కొట్టేస్తుంది. మళ్లీ చుట్టి పక్కన పెట్టాం. యంత్రం ఠప్పుమన్నా గీత నేల మీద గీసినట్టు పడుకుంది. ఒక సున్నాను చూసి అంత సంబరపడటం నాకు అదే మొదలు.

ఖాదర్ భాయ్ వచ్చాక అక్క ఆయనకూ ముందు సున్నానే చూపించింది. ఆ తర్వాతే కడియం తీగ చుట్టూ పెట్టి యంత్రం కొట్టింది. ఆ గీత కరెంటును చూపదు, కరెంటు ఎంత వేగంగా పెరుగుతోందో చూపుతుంది. కనుక కరెంటు ఎంతో తెలియాలంటే, ఆ గీత సున్నాకు దిగే చోటి దాకా దాని కింద ఉన్న తెర గళ్లన్నీ కూడాలి. చుట్ల లెక్క, ట్యూబు లావు నాకు తెలుసు. ఒక్కో గడీ లెక్కపెట్టి కూడాను. పదకొండు వేలు దాటింది. ఖాదర్ భాయ్ నా కూడికను తానూ ఒకసారి కూడుకున్నాడు.

"ముందు ఉత్త గీత ఎందుకు చూపించినావమ్మా?" అని అడిగాడు.

"నన్ను నమ్మొద్దు భాయ్. ఈ కడియాన్ని నమ్మేకి" అంది అక్క.

ఆయన బయటికెళ్లి ఆటో ట్రాలీని లోపలికి రమ్మన్నాడు.

ఈ రోజుకీ ఎవరు ఏ అంకె తెచ్చినా, ఏమీ లేని చోట ఇది ఏం చెబుతుందని అడుగుతాను. నాకు నచ్చిన అంకె అయితే మరీ గట్టిగా అడుగుతాను.