పోపుల డబ్బాకి అయిదుకి అయిదు

గుండె నిబ్బరం ఉన్నవాళ్ళే ముందుకి చదవండి. థీసిస్ రాయలేక మునిగినవాళ్ళని మీరు చాలామందిని చూసి ఉంటారు. నేను మాత్రం అందరూ మెచ్చుకోవడం వల్ల మునిగాను. ఎనిమిది మంది ఆంటీలు నన్ను మనసారా పొగిడి, నా మాస్టర్స్ డిగ్రీని దాదాపు అటకెక్కించిన వైనం ఇది.

వర్జీనియాలో ఇండస్ట్రియల్ డిజైన్ చదువుతున్న రోజులు. థీసిస్ కోసం పోపుల డబ్బాని కొత్తగా తయారుచేస్తానన్నాను. మామూలు స్టీలు డబ్బా మూత తియ్యాలంటే రెండు చేతులూ కావాలి కదా? నా డబ్బాకి ఒక్క బొటనవేలు చాలు. మూత నడిమధ్య నొక్కగానే తామరపువ్వులా విచ్చుకుంటుంది, లోపల ఆవాలూ జీలకర్రా జమీందార్లలా కొలువుదీరి ఉంటాయి. త్రీడీ ప్రింటర్ మీద నారింజ రంగులో అచ్చు తీయించి, గదంతా తిరుగుతూ తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. ఆ సంబరంలో భోజనం మర్చిపోయాను. సొంత డబ్బా కొట్టుకోవడం అంటారే, అక్షరాలా అదే నా పరిస్థితి.

నా గైడ్ ప్రొఫెసర్ హెలెన్ పొదుపుగా నవ్వే మనిషి. "బావుంది. ఇక దీన్ని రోజూ వంట చేసేవాళ్ళ చేతికివ్వు. వీడియో తియ్యి. నువ్వు మాత్రం నోరు మూసుకుని పక్కకి తప్పుకో," అన్నారు. ఆవిడ సంతకం పెడితే మే నెలలో డిగ్రీ, ఆ వెంటనే శాంటా క్లారాలో ఉద్యోగం. పెట్టకపోతే ఇంకో సెమిస్టర్, ఉద్యోగం హుళక్కి.

షాంటిలీలో గుడికి వెళ్ళినప్పుడు పరిచయమైన పద్మ ఆంటీని అడిగాను. ఆవిడ ఒప్పుకోవడమే కాదు, మరో ఏడుగురు ఆంటీలని ఒప్పించి పెట్టారు. హెలెన్ చెప్పినట్టే ప్రతి వంటింట్లోనూ ఫోన్ నిలబెట్టి పక్కకి తప్పుకున్నాను. ఎంత పక్కకంటే, డైనింగ్ టేబుల్ దాకా. అక్కడ పెసరట్లు ఉండేవి. పెసరట్లు లేని ఇంట్లో గారెలుండేవి. కాసేపటికి ఆంటీలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఫారం నింపేవారు. ఎనిమిది ఫారాలకి ఎనిమిదీ అయిదుకి అయిదు! ఇక వీడియోలు చూడ్డం దేనికి? నూటికి నూరు వచ్చినవాడు పేపరు మళ్ళీ దిద్దించుకుంటాడా, మీరే చెప్పండి.

ఎగురుకుంటూ హెలెన్ గదికి వెళ్ళాను.

"ఒక్కరికీ ఒక్క ఇబ్బందీ రాలేదా?"

"లేదు హెలెన్! పర్‌ఫెక్ట్!"

"గ్లాసుడు మంచినీళ్ళిచ్చినా అందరూ అయిదు వెయ్యరే! ఏదీ, ఒక వీడియో పెట్టు."

పద్మ ఆంటీది పెట్టాను. స్టవ్ మీద నూనె పొగలు కక్కుతోంది. ఆంటీ నూనె వేలితో డబ్బా నొక్కారు. జారింది. మళ్ళీ నొక్కారు. తామరపువ్వు మొండికేసింది.

"ఏవండీ! ఓ స్క్రూడ్రైవర్ పట్రండి!"

"పోపుకి స్క్రూడ్రైవర్ ఏంటే?" అంటూ అంకుల్ వచ్చారు.

"మెల్లిగా! అబ్బాయి పక్క గదిలో తింటున్నాడు. వింటే నొచ్చుకుంటాడు."

అంకుల్ ఒక పోటు పొడిచారు. డబ్బా గాల్లోకి లేచింది. ఆవాలని నాలుగు గోడలూ సమానంగా పంచుకున్నాయి. ఆంటీ చప్పుడు కాకుండా అల్మరా తెరిచి, పాత స్టీలు డబ్బా తీసి, క్షణంలో పోపు పెట్టేశారు.

"మరి ఫారంలో ఏం రాస్తావు?"

"ఏం రాస్తాం? పాపం, అంత కష్టపడ్డాడు. అయిదు వేసేస్తా. ఆరుంటే ఆరే వేద్దును."

హెలెన్ నా వైపు తిరిగారు. "ఏమంటున్నారు?"

"మూత చాలా... భద్రంగా ఉందంటున్నారు."

"శ్రీకర్, స్క్రూడ్రైవర్ అన్న మాట నాకూ అర్థమైంది."

మిగతా ఏడు వీడియోలు కూడా చూశాం. ఒకావిడ పళ్ళు వాడారు. ఒకావిడ దండం పెట్టుకుని మరీ నొక్కారు. నా మొహం డబ్బా రంగులోకి తిరిగింది.

హెలెన్ మాత్రం కుర్చీలో ముందుకి జరిగారు. "రెండు వారాలిస్తున్నా. ఇదే డబ్బా మళ్ళీ తీసుకెళ్ళు. నువ్వు చేశావని మాత్రం చెప్పకు. అంతా అయ్యాక నిజం చెప్పి క్షమాపణ అడుగు."

నాకు ఒళ్ళంతా పులకరించింది! డబ్బాకి బూడిదరంగు పూసి, పద్మ ఆంటీ ఇంటికే పరిగెత్తాను.

"ఆంటీ, ఇది ఏదో కంపెనీ వాళ్ళదట. మీ ఒపీనియన్ కావాలట."

ఈసారి వంటింట్లోనే నిలబడ్డాను. ఆంటీ నొక్కారు. జారింది.

"ఇది చేసినవాడిది జన్మలో పోపు పెట్టిన మొహమేనా? నూనె చేత్తో ఎలా తీస్తారనుకున్నాడు? ఈ సందుల్లో జీలకర్ర ఇరుక్కుంటే వాళ్ళ తాత వచ్చి తీస్తాడా?"

"సూపర్ ఆంటీ! ఇంకా తిట్టండి!" నేను గబగబా రాసుకుంటున్నాను. తిట్లు ఇంత తియ్యగా ఉంటాయని నాకప్పటిదాకా తెలీదు.

"ఇదిగో, ఒకటి వేశా. సున్నా లేదు కాబట్టి. వాళ్ళకి నీ డబ్బా చూపించు నాన్నా. చూసి బుద్ధి తెచ్చుకుంటారు."

రాసుకోవడం ఆపేశాను. "ఆంటీ... సారీ. ఇది నా డబ్బానే. రంగు మార్చానంతే."

హాల్లో అంకుల్ టీవీ కట్టేశారు. ఆంటీ చెయ్యి చాపారు.

"ఆ కాగితం ఇలా ఇయ్యి."

ఒకటి కొట్టేసి, పక్కన అయిదు వేశారు. "రంగు బావుంది," అన్నారు.

థీసిస్ మొత్తం తిరగరాశాను. డబ్బా గురించి తక్కువ, మన మొహమాటం గురించి ఎక్కువ. కొట్టివేతతో సహా ఆ ఫారాన్ని మొదటి పేజీలో అతికించాను. అది చూసి హెలెన్ పొదుపంతా పక్కనపెట్టి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, సంతకం పెట్టేశారు.

ఆ సంతకం సాక్షిగా ఘోరమైన శపథం చేశాను. ఇక బొందిలో ప్రాణం ఉండగా, నేను చేసిన పనిని నాదేనని చెప్పి ఎవరి అభిప్రాయమూ అడగను.

అన్నట్టు, మీరిప్పుడు చదివింది నేను రాసింది కాదు. తెలిసినాయన ఎవరో రాశాడు. ఎలా ఉందో మొహమాటపడకుండా చెప్పండి.