ఉమ్మేసిన మేత

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను తొట్టెమ్మ అనేవారు. పందొమ్మిదేళ్ల క్రితం గాజుతొట్లు కడగడానికి చేరిన మనిషి. ఇప్పుడు చేప తోక ఊపే తీరు చూసి దానికి ఒంట్లో బాగుందో లేదో చెప్పేస్తుంది. ఆమె పై అధికారి మాత్రం తొట్టి ముందు రెండు నిమిషాలు నిలబడితే అలిసిపోయే రకం. తెల్లకోటు నలగకుండా తిరుగుతాడు గనక అతనికి మనసులోనే కోటుబాబు అని పేరు పెట్టుకుంది. అంతకన్నా మంచి పేరు అతనికి దండగ.

ఈసారి పరీక్ష వెండి మీద. బట్టల్లోనూ రంగుల్లోనూ కలిపే, కంటికి ఆనని వెండి నలుసులు మేతతో పాటు చేపల కడుపులోకి పోతే ఒంట్లో పేరుకుంటాయా, బయటికి పోతాయా తేల్చాలి. ఇరవై ఎనిమిది రోజులు వెండి పట్టించిన మేత, తర్వాత కొన్నాళ్లు మామూలు మేత, ఆఖరున చేపల్ని కోసి కొలవడం. చేపలు తినక వదిలేసిన మేతను గొట్టంతో లాగి, ఆరబెట్టి, తూచి రిజిస్టర్లో రాయడం తొట్టెమ్మ పని. ప్రతి వరస చివరా చూశానని సంతకం పెట్టడం కోటుబాబు పని.

మొదటి రోజు మేత పడగానే చేపలు గబుక్కున నోట కరిచాయి.

"చూశావా, ఎంత ఇష్టంగా తింటున్నాయో!" అని మురిసిపోయి కోటుబాబు వెళ్లిపోయాడు. అతని బూట్ల చప్పుడు వసారా దాటకముందే చేపలు ఒక్కొక్కటీ గుళికల్ని ఉమ్మేశాయి. సగానికి సగం అడుక్కి చేరింది.

"సార్, నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తున్నాయి. కాస్త చేపనూనె పట్టిస్తే మింగుతాయేమో," అని ఆమె మధ్యాహ్నం చెప్పింది.

"నా కళ్లతో నేను చూశానుగా! అడుగున ఉన్నది మలం అయ్యుంటుంది. వదిలేసిన మేత గడిలో సున్నా వెయ్యి."

మేతకూ మలానికీ తేడా తెలియనివాడు చేపల మీద పట్టా పుచ్చుకున్నాడంటే, ఆ పట్టా ఇచ్చినవాళ్లను చూసి జాలిపడాలి.

ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. ఎవరు ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం పెట్టి రిటైరైన గుమాస్తా ఆయన. "సున్నా వేసి పడెయ్యి. పోతే నీ ఉద్యోగం పోతుంది గానీ వాడిది పోదు," అన్నాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఆమెకూ ఉంది. కానీ ఇన్నేళ్లలో తన రిజిస్టర్లో ఒక్క దొంగ అంకె లేదు, ఆమెకున్న గర్వమంతా అదే.

మర్నాడు ఆ మేత ఆరాక తూచి, అసలు బరువే రాసి రిజిస్టరు కోటుబాబు ముందు పెట్టింది. అతను ఫోన్లో నవ్వుతూనే సంతకం గీకేశాడు. ఆ తర్వాత ప్రతి రోజూ అంతే.

చేపల్ని కోస్తే వెండి నామమాత్రంగా తేలింది. మేతంతా తిన్నా వెండి పేరుకోలేదని కోటుబాబు గొప్పగా నివేదిక రాసి, రిజిస్టరు జతచేసి తనిఖీ ఆఫీసుకు పంపాడు. నెల తిరక్కుండా రెండూ వెనక్కొచ్చాయి. సగం మేత వదిలేసినట్టు రిజిస్టరు చెబుతుంటే అంతా తిన్నట్టు ఎలా రాశారని అడిగారు.

కోటుబాబు రిజిస్టరు పట్టుకుని తొట్ల గదికి పరిగెత్తుకొచ్చాడు. కంగారులో తొట్టి అంచుకు తగిలి కోటు చెయ్యి తడిసింది.

"ఆ అంకెలు పొరపాటున వేశానని ఒక్క ముక్క రాసివ్వమ్మా. లేకపోతే నిన్నిక్కడ ఉంచడం నా చేతుల్లో ఉండదు."

ఆమె చేతులు తుడుచుకుని రిజిస్టరు తెరిచింది.

"అలాగే సార్. ఇరవై ఎనిమిది రోజులూ నేను పొరపాటు పడ్డానని రాస్తాను. మరి ప్రతి పొరపాటు పక్కనా చూశానని మీరు సంతకం పెట్టారే, దానికేం రాయమంటారు?"

కోటుబాబు పేజీలు తిప్పి తన సంతకాలన్నీ చూసుకుని, రిజిస్టరు మూసి వెళ్లిపోయాడు.

పరీక్ష మళ్లీ మొదలైంది. ఈసారి మేతకు చేపనూనె పట్టించారు. మేత వేశాక చేపలు మింగుతున్నాయో లేదో కోటుబాబు అరగంట సేపు కదలకుండా నిలబడి చూశాడు. తొట్టెమ్మ కుర్చీ వెయ్యలేదు.