పోతున్న అనని స్వరూప

సిరిసిల్లలో మా వీధి స్వరూపకు ఈ రోజు వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ. ఇటలీలో ఒక ముసలావిడను చూసుకునే పని. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని తగ్గాక ఆమె ఆశంతా దీనిమీదే. నెలరోజులుగా నేను నేర్చుకుంటూనే ఆమెకు ఇటాలియన్ నేర్పుతున్నాను, తప్పు నేర్పుతున్నానేమో అని జంకుతూనే.

అన్నీ పలికింది గానీ ‘వాదో’, అంటే ‘వెళ్తున్నాను’, దగ్గర మొండికేసింది.

“ఉత్త పాఠమే కదా స్వరూపా!”

“ఏ భాషలనైనా పోతున్న అనద్దు మేడం. పోయొస్త అనేది చెప్పుండ్రి.”

చివరికి ‘వాదో ఎ తోర్నో’, ‘వెళ్లి తిరిగొస్తాను’, అని కూర్చి ఇచ్చాను. అక్కడ అలా అంటారో లేదో నాకూ తెలియదు.

కాల్‌లో నేను పక్కన ఉండగా, ఆ ముసలావిడకు తన పేరు, ఊరు, వచ్చిన వంటలు తడబడకుండా చెప్పింది. చివర్లో దండం పెట్టి, “వాదో ఎ తోర్నో” అంది. అంతసేపూ నవ్వని ముసలావిడ పకపకా నవ్వి ఏదో అంది.

“ఏమంటుంది మేడం?”

“తొందరగా రమ్మంటోంది.”

“ఇంకా పోనే పోలే, గప్పుడే రమ్మంటుందా!”

గంటలో కబురొచ్చింది. పని ఖాయం. నా ఇటాలియన్ మీద నాకూ కాస్త ధైర్యమొచ్చింది. కొత్త భాషలో మీరు పలకనని మొండికేసిన వాక్యం ఏదైనా ఉందా?