తెరిసమ్మ నిటారుగా కూర్చుంది

తెరిసమ్మది జి.మాడుగుల దగ్గరి కొండమీది ఊరు. పసిపిల్లగా ఉన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. వీపులోనూ బలం పోయింది. ఎదిగేకొద్దీ వెన్నెముక పక్కకి ఒరిగిపోతూ, పద్నాలుగో ఏటికి పక్కటెముకలు తుంటిని ఒరుసుకునే దాకా వచ్చింది. రెండు చేతులూ నేలకి ఊనితేగాని కూర్చోలేదు. అన్నం తినాలంటే తల్లి రత్నాలు వెనకనుంచి పట్టుకోవాలి. కాసేపు మాట్లాడితే ఆయాసం. అయినా బడి మానలేదు. తల్లి వీపున మోసుకెళ్లి దించితే, గోడకి ఆనుకుని పాఠం వినేది.

1998లో చర్చివాళ్ల సాయంతో తల్లీకూతుళ్లు విశాఖపట్నం వెళ్లారు. ఎముకల డాక్టరు సూర్యనారాయణ ఎక్స్‌రే చూసి దాపరికం లేకుండా చెప్పాడు.

“ఇలాగే వదిలేస్తే ఊపిరి ఆడటం ఇంకా కష్టమవుతుందమ్మా. కడ్డీలు వేసి వెన్ను నిలబెట్టొచ్చు. నడక మాత్రం రాదు. ఊపిరి బలం తక్కువ కాబట్టి ఆపరేషన్‌లో ప్రాణానికీ ప్రమాదం ఉంది.”

రత్నాలు కూతుర్ని ఎత్తుకోబోయింది. “వొద్దు బాబూ. ఎలాగున్నా నా గుంట నా కళ్లముందుంటే సాలు.”

తెరిసమ్మ మంచం వదల్లేదు. “ఎన్నాళ్లని పట్టుకుంటావే అమ్మా? నాను సేయించుకుంటాను.”

ముందు ఊపిరి బలం పెంచుకోవాలన్నారు. గాలి పీల్చితే బంతులు పైకి లేచే గొట్టం ఒకటి ఇచ్చారు. మొదట్లో ఒక్క బంతీ కదల్లేదు. దగ్గుతూ, ఏడుస్తూ, మళ్లీ పీల్చేది. చివరికి మూడు బంతులూ లేపి వార్డంతా వినబడేలా అరిచింది.

పొద్దున థియేటర్లోకి తీసుకెళ్లిన పిల్లని సాయంత్రానికి గాని బయటికి తేలేదు. ఊపిరి మెషీన్ తీసేసేటప్పుడు అందరూ మంచం చుట్టూ చేరారు. తెరిసమ్మ ఛాతీ తనంతట తానే లేచి దిగింది. “అమ్మా, దాహం” అంది.

కొన్నాళ్లకి మంచం అంచున కూర్చోబెట్టి నర్సు చేతులు వదిలేసింది. తెరిసమ్మ ఒరగలేదు. పళ్లెం ఒడిలో పెట్టుకుని కుడిచేత్తో అన్నం కలిపింది. ఎడంచేత్తో జుట్టు వెనక్కి తోసుకుంది.

“ఏటే, ఇంత పొడుగైపోనావు!” అని రత్నాలు నవ్వుతూ ఏడ్చింది.

పదో తరగతి పాసయ్యాక చేత్తో తిప్పే కుట్టుమిషన్ నేర్చుకుంది. ఓ చెయ్యి చక్రం మీద, ఓ చెయ్యి గుడ్డ మీద. 2003కల్లా సొంతంగా కొట్టు పెట్టింది. మొట్టమొదట కుట్టుకున్నది తన జాకెట్టే. ఒరిగిన ఒంటికి సరిపోయేలా ఒకవైపు పొడుగ్గా, ఒకవైపు పొట్టిగా తల్లి కుట్టిచ్చిన పాతవాటిని విప్పేసి, రెండు వైపులా సమంగా కత్తిరించింది. ఆదివారం అది తొడుక్కుని, చక్రాల కుర్చీలో చర్చి ముందువరసకి వెళ్లి, గొంతెత్తి పాడింది.